ఒకే ఇల్లు, ఒకే కనెక్షన్: వేగాలు ఎందుకు వేరు?



కడప జిల్లా నుండి ఒక సోదరి రెండు నెలల క్రితం మాకు ఉత్తరం రాశారు. వారి ఇంట్లో ఇంటర్నెట్ కనెక్షన్ ఒక్కటే. ప్లాను 200 ఎంబీపీఎస్. కంప్యూటర్లు మాత్రం మూడు. పెద్దబ్బాయి కంప్యూటర్ హాలులో రౌటర్ పక్కనే, తీగతో కలిపి ఉన్నది. అమ్మాయి ల్యాప్‌టాప్ మేడ మీది గదిలో వైఫైతో నడుస్తున్నది. పిల్లల తండ్రిగారు దుకాణం లెక్కలు చూసుకునే పాత కంప్యూటర్ వెనుక గదిలో, చిన్న వైఫై డాంగిల్ సాయంతో పని చేస్తున్నది. వేగం కొలిచి చూస్తే అబ్బాయికి 93, తండ్రిగారికి 28, అమ్మాయికి 14 వస్తున్నాయట.

ఉత్తరంలోని అసలు బాధ ఈ అంకెల తరువాత మొదలయింది. "భాయ్‌జాన్ రౌటర్‌లో ఏదో చేసి నా వేగం కోసేశాడు" అని అమ్మాయి అంటున్నదట. "నేను ముట్టుకోనైనా లేదు" అని అబ్బాయి అంటున్నాడట. అన్నాచెల్లెళ్ళ మధ్య పది రోజులుగా మాటలు లేవు. మరుసటి నెలలో అమ్మాయికి ఉద్యోగం కోసం ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉన్నది. గొడవ పడలేక తండ్రిగారు 45 వేల రూపాయలు అప్పు చేసి కొత్త ల్యాప్‌టాప్ కొందామని నిర్ణయించారట. "కొనడమే పరిష్కారమా, చెప్పండి" అని ఆ తల్లి అడిగారు.

మేము ఇంజినీర్లము కాము, మదరసాలో పాఠం చెప్పుకునే వాళ్ళము. అయితే మా విద్యార్థుల కోసం ఏర్పాటు చేసిన కంప్యూటర్ల గదిని చూసుకునే బాధ్యత కొన్నేళ్ళుగా మా మీదనే ఉన్నది. పక్కపక్కన ఉన్న రెండు యంత్రాలలో ఒకటి పరుగెత్తడం, మరొకటి కుంటడం మాకు కొత్త కాదు. తెలిసినంత వరకు ఆ సోదరికి పరీక్షించే విధానం రాసి పంపాము. వారు ఓపికగా అన్నీ చేసి ఫలితాలను తిరిగి రాశారు. ఇటువంటి కలతలు చాలా ఇళ్ళలో ఉన్నాయి కనుక, ఆ విధానాన్నీ ఫలితాలనూ ఈ నెల పాఠకులందరి ముందు ఉంచుతున్నాము.

మూడు రకాల వేగాలు

ముందుగా ఒక గందరగోళాన్ని తొలగించుకోవాలి. "వేగం" అనే ఒక్క మాటతో మనం మూడు వేర్వేరు విషయాలను పిలుస్తున్నాము.

మొదటిది ప్లాను వేగం. కంపెనీ మన ఇంటి గుమ్మం దాకా ఇస్తానన్న వేగం ఇది. రెండవది లింకు వేగం. రౌటర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య తీగలో గానీ గాలిలో గానీ కుదిరిన ఒప్పందం ఇది. మూడవది చేతికి వచ్చే వేగం. స్పీడ్ టెస్టులో కనిపించేది ఇదే. మునిసిపాలిటీ గొట్టం ఎంత పెద్దదైనా, ఇంటి లోపలి పైపు సన్నదైతే కుళాయిలో ధార సన్నగానే వస్తుంది. అదే విధంగా, ఈ మార్గంలో ఎక్కడ ఇరుకు ఉంటే చేతికి వచ్చే వేగం అక్కడి కొలతకే పరిమితమవుతుంది. ఒకే ఇంట్లో కంప్యూటర్ల వేగాలు వేర్వేరుగా ఉన్నాయంటే, ఇరుకు సాధారణంగా గుమ్మానికి లోపలి వైపునే ఉన్నదని అర్థం. బయటి లోపమైతే అది అందరినీ సమానంగా తాకుతుంది. నెల డేటా పరిమితి దాటినప్పుడు కంపెనీ వేగం తగ్గించినా, ఆ తగ్గుదల ఇంట్లోని యంత్రాలన్నింటికీ వర్తిస్తుంది.

మరొక మాట. ప్లానులో చెప్పేది మెగాబిట్లలో, ఫైలు దిగుమతి అవుతున్నప్పుడు తెర మీద కనిపించేది తరచుగా మెగాబైట్లలో. 8 బిట్లు కలిస్తే 1 బైటు. కనుక 200 మెగాబిట్ల ప్లానులో ఫైలు సెకనుకు 25 మెగాబైట్ల చొప్పున దిగితే అది పూర్తి వేగమే. ఒకరు బిట్లలో, మరొకరు బైట్లలో చూసుకుని తగవులాడుకున్న సందర్భాలను మేము చూశాము. పోల్చే ముందు కొలమానం ఒకటేనా అని చూసుకోవాలి.

కొలిచే మర్యాద

కొలత సరిగా లేనిదే తీర్పు చెప్పకూడదు. ఆ ఇంట్లో ముగ్గురూ ముగ్గురి పనుల మధ్య, వేర్వేరు సమయాలలో కొలిచారు. ఒకరు కొలుస్తున్నప్పుడు మరొకరు వీడియో చూస్తూ ఉంటే ఆ అంకెకు విలువ లేదు. ఇంటికి వచ్చే నీరు ఒక్కటే, కుళాయిలన్నీ విప్పి ఒక దాని ధారను కొలవలేము కదా.

కనుక మేము ఇలా రాశాము. ఫోన్లు, టీవీతో సహా అన్ని పరికరాలనూ ఇంటర్నెట్ నుండి తీసివేయండి. ఒక్క కంప్యూటర్‌ను మాత్రమే ఉంచండి. ఒకే స్పీడ్ టెస్టును, ఒకే సర్వర్‌ను ఎంచుకుని మూడు సార్లు కొలవండి. తరువాత దానిని ఆపి రెండవదానిని, ఆపైన మూడవదానిని కొలవండి. ఉదయం ఒకసారి, రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో ఒకసారి చేయండి. దిగుమతి, ఎగుమతి, జాప్యం అనే మూడు అంకెలనూ ఒక నోటు పుస్తకంలో తేదీతో రాయండి. కొలిచేటప్పుడు అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ అక్కడే కూర్చోవాలి. ఈ చివరి షరతు సాంకేతికమైనది కాకపోయినా అన్నింటికంటే అవసరమైనది.

దానితోపాటు లింకు వేగాన్ని కూడా రాయమన్నాము. విండోస్ కంప్యూటర్‌లో సెట్టింగ్స్‌కు వెళ్ళి, నెట్‌వర్క్ విభాగంలో ప్రాపర్టీస్ తెరిస్తే లింకు స్పీడ్ అనే వరుస కనిపిస్తుంది. అక్కడ 100 ఉన్నదా, 1000 ఉన్నదా, వైఫై అయితే 72 ఉన్నదా, 433 ఉన్నదా, 866 ఉన్నదా అన్నది సగం రహస్యాన్ని విప్పి చెబుతుంది.

హేతువును కనుగొనే పద్ధతి

మదరసాలలో ఉసూలె ఫిఖ్హ్ చదివిన వారికి "సబ్ర్, తఖ్సీమ్" అనే మాటలు పరిచితమైనవే. ఒక విషయానికి ఇల్లత్, అనగా హేతువు, ఏదై ఉంటుందో తెలియనప్పుడు, సాధ్యమైన వాటన్నింటినీ ముందుగా వరుసగా లెక్కించుకుంటారు. తరువాత ఒక్కొక్కదానిని పరీక్షించి, నిలవని వాటిని తొలగిస్తారు. చివరికి మిగిలినది హేతువు. దానికి తోడుగా "దవరాన్" అనే మరొక పరీక్ష ఉన్నది. హేతువు ఉన్న చోట ఫలితం ఉండాలి, హేతువు లేని చోట ఫలితం లేకుండా పోవాలి.

కంప్యూటర్ల విషయంలో కూడా ఇదే క్రమం పనికి వస్తుంది. మందకొడితనానికి సాధ్యమైన చోట్లు నాలుగే: తీగ, గాలి, యంత్రానికి తగిలించిన పరికరం, యంత్రం లోపల నడుస్తున్న పనులు. ఒక సారికి ఒక్క దానినే మార్చాలి. తీగ మార్చితే మందకొడితనం తీగ వెంట వెళ్ళిందా, కంప్యూటర్‌తోనే ఉండిపోయిందా చూడాలి. ఒకేసారి తీగనూ, స్థలాన్నీ, సెట్టింగ్‌నూ మార్చిన వారికి బాగయినా ఎందుకు బాగయిందో తెలియదు. మళ్ళీ చెడినప్పుడు వారు మొదటి మెట్టు దగ్గరే నిలబడతారు.

తీగ చెప్పిన సాక్ష్యం

అబ్బాయి కంప్యూటర్‌కు వస్తున్న 93 అనే అంకెను చూడగానే మాకు ఒక అనుమానం కలిగింది. తీగ ద్వారా లింకు వేగం 100 మెగాబిట్లు అయినప్పుడు, డేటాతోపాటు ప్రయాణించే చిరునామాలు మొదలైన వాటికి కొంత పోగా, చేతికి వచ్చేది 94, 95 దగ్గర ఆగిపోతుంది. అంతకుమించి ఎంత పెద్ద ప్లాను తీసుకున్నా రాదు. 200 ప్లాను ఉన్న ఇంట్లో ఎవరికైనా అంకె ఎప్పుడూ 93, 94 దగ్గరే నిలిచిపోతున్నదంటే, ఎక్కడో 100 అనే గేటు అడ్డు ఉన్నదని గ్రహించాలి.

ఆ గేటు మూడు చోట్ల ఉండవచ్చు. కంప్యూటర్ పాతదైతే దాని నెట్‌వర్క్ కార్డే 100 వరకు మాత్రమే ఇస్తుంది. రెండవది రౌటర్ పోర్టు. మన ఇళ్ళలో ఫైబర్ కంపెనీలు పెట్టి వెళ్ళే పెట్టెలలో అనేకం ఒక పోర్టు మాత్రమే 1000 మెగాబిట్లది, మిగిలినవి 100 మెగాబిట్లవి. చూడడానికి అన్నీ ఒకేలా ఉంటాయి. పెట్టె మీద గానీ దాని కింద అంటించిన చీటీ మీద గానీ తేడా రాసి ఉండవచ్చు. మూడవది తీగ. ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది సన్న తీగలు నాలుగు జతలుగా మెలివేసి ఉంటాయి. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. 1000 మెగాబిట్లకు నాలుగు జతలూ కావాలి. 100కు అవసరం లేని మిగిలిన రెండు జతలలో ఒక తీగ తెగితే ఇంటర్నెట్ ఆగిపోదు, సాధారణంగా నిశ్శబ్దంగా 100కు దిగి నడుస్తూనే ఉంటుంది. అందువల్లనే ఆ లోపం ఏళ్ళ తరబడి ఎవరి కంటా పడదు.

క్రింపింగ్ విషయంలో మరొక సూక్ష్మం ఉన్నది. తీగ చివర పిన్ను బిగించేటప్పుడు రంగుల క్రమం తప్పకూడదు. తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ అన్నది ఎక్కువగా వాడుకలో ఉన్న క్రమం. ఆకుపచ్చ జత నీలం జతకు అటూ ఇటూ విడిపోయి 3, 6 స్థానాలలో కూర్చుంటుంది. కొందరు తొందరలో జతలను వరుసగా, 1-2, 3-4, 5-6, 7-8 అని పెట్టేస్తారు. రెండు చివరలా అలాగే పెడితే చిన్న టెస్టర్ మీద ఎనిమిది దీపాలూ వెలుగుతాయి. "తీగ బాగుంది" అని టెక్నీషియన్ వెళ్ళిపోతాడు. అయితే మెలిక జతకూ సంకేతం నడిచే జతకూ పొంతన కుదరక, ఒక తీగలోని సంకేతం పక్క తీగలోకి చొరబడుతుంది. పొరపాట్లు పెరిగి వేగం పడిపోతుంది. దీపాలు వెలగడమే సంపూర్ణ సాక్ష్యం కాదని దీనివల్ల తెలుసుకోవాలి. పిన్నులోని రంగుల క్రమాన్ని కంటితో చూడడమే మేలు.

గాలిలోని అడ్డంకులు

వైఫై సాధారణంగా రెండు మార్గాలలో నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ మార్గం దూరం పోతుంది, గోడలను కొంతవరకు దాటుతుంది, వేగం మాత్రం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ మార్గం వేగమైనది, కానీ గోడలకు, శ్లాబుకు త్వరగా అలసిపోతుంది. 2.4 మార్గంలో ఒకదానితో ఒకటి కలవని చానెళ్ళు 1, 6, 11 అనే మూడే. ఇళ్ళు ఆనుకుని ఉండే మన మొహల్లాలలో పదిహేను ఇరవై ఇళ్ళ రౌటర్లు ఈ మూడింటి మీదనే మాట్లాడుతూ ఉంటాయి. రాత్రి వేళ అందరూ ఇళ్ళలో ఉంటారు. అందుకే ఉదయం బాగున్న వైఫై రాత్రి కుంటుతుంది. మైక్రోవేవ్ ఓవెన్ పని చేసేది కూడా ఈ మార్గానికి దగ్గరలోనే. కనుక వంటగది గోడకు అవతల కూర్చున్న వారికి అది నడిచినంతసేపు ఇబ్బంది కలగవచ్చు.

రౌటర్ ఉన్న చోటును కూడా చూడాలి. టీవీ వెనుక, ఇనుప బీరువా పక్కన, నేల మీద, అద్దాల షోకేసులో పెట్టిన రౌటర్ గొంతు మూసిన మనిషి వంటిది. లోహం తరంగాలను వెనుకకు కొడుతుంది, నీరు వాటిని పీల్చుకుంటుంది. ఫ్రిజ్, నీళ్ళ ట్యాంకు, ఇనుప చువ్వల శ్లాబు దారిలో ఉంటే అవతలి గదికి చేరేది కొద్దిగానే. కాస్త ఎత్తులో, ఇంటి మధ్యలో, మెట్ల దారి వైపు తెరిచి ఉన్న చోట పెట్టడం మంచిది.

వైఫైలో ఒక చోట ఒక చానెల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు. దూరంగా ఉన్న, పాతబడిన పరికరం నెమ్మదిగా మాట్లాడుతుంది. అంతే మాట చెప్పడానికి దానికి ఎక్కువ సమయం పడుతుంది. అంతసేపూ మిగిలినవారు వేచి ఉండాలి. అందువలన ఒక పాత ఫోను ఒక మూల నుండి వీడియో చూస్తే ఇంట్లోని కొత్త ల్యాప్‌టాప్ కూడా నెమ్మదించవచ్చు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు, మాధ్యమం స్వభావమే అది.

గోడకు గుచ్చే రిపీటర్లను కొనే వారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఒకే మార్గంలో విని, అదే మార్గంలో తిరిగి చెప్పే రిపీటర్ వల్ల వేగం దాదాపు సగానికి తగ్గుతుంది. పైగా సంకేతం చచ్చిపోయిన గదిలో దానిని పెడితే, అది చచ్చిన సంకేతాన్నే బిగ్గరగా చెబుతుంది. రౌటర్‌కూ ఆ గదికీ మధ్య దూరంలో పెట్టాలి. వీలైతే పై గదికి ఒక ల్యాన్ తీగ లాగి, అక్కడ ఒక రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా పెట్టడం అన్నింటికంటే నమ్మకమైన మార్గం.

డాంగిల్, యంత్రం లోపలి పనులు

పాత కంప్యూటర్‌కు తగిలించే గోరంత డాంగిల్ అట్ట మీద 150 అని రాసి ఉంటుంది. అది ఆదర్శ పరిస్థితులలోని లింకు వేగం. ఇరుగుపొరుగు వైఫైల మధ్య లింకు 72కు దిగడం, చేతికి 30, 40 రావడం సాధారణం. దానిని క్యాబినెట్ వెనుక గుచ్చితే ఇనుప డబ్బాయే దానికి అడ్డుగోడ అవుతుంది. యూఎస్‌బీ 3 పోర్టులో వేగంగా నడిచే హార్డ్‌డిస్కు దాని పక్కనే ఉంటే, ఆ రొద కూడా 2.4 మార్గాన్ని చెదరగొడుతుంది. చిన్న యూఎస్‌బీ పొడిగింపు తీగతో డాంగిల్‌ను బల్ల మీదికి తెస్తే తేడా తెలుస్తుంది.

ఇక యంత్రం లోపలి పనులు. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి నెట్‌వర్క్ వరుస మీద నొక్కితే ఏ ప్రోగ్రాం ఎంత వాడుకుంటున్నదో కనిపిస్తుంది. అప్‌డేట్లు దిగుతూ ఉండవచ్చు. వీపీఎన్ ఆన్‌లో ఉండి ప్రతి పేజీ మరో దేశం చుట్టి వస్తూ ఉండవచ్చు. యాంటీవైరస్ ప్రతి ముక్కనూ తనిఖీ చేస్తూ పాత ప్రాసెసర్‌ను అలసగొట్టవచ్చు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉన్నప్పుడు పొదుపు కోసం వైఫై శక్తిని తగ్గించుకోవచ్చు. చార్జర్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి కొలిస్తే ఆ సంగతి తేలిపోతుంది.

ఎగుమతిని మరచిపోకూడదు. ఎవరి ఫోనైనా వందల ఫోటోలను క్లౌడ్‌లోకి పంపుతున్నప్పుడు ఎగుమతి దారి నిండిపోతే, దిగుమతి చేసేవారి పనులు కూడా ఆగిపోతాయి. ఎందుకంటే ప్రతి దిగుమతికీ "అందింది" అనే జవాబు అదే దారిలో తిరిగి వెళ్ళాలి. వీడియో పిలుపు తెగిపోవడానికి ఇది తరచుగా కారణమవుతుంది. నాణ్యమైన వీడియో పిలుపుకు 3, 4 మెగాబిట్లు చాలు. 14 వస్తున్న అమ్మాయి క్లాసు తెగిపోతున్నదంటే లోపం వేగంలో కంటే నిలకడలో ఉన్నదన్నమాట. దానిని తెలుసుకోవడానికి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పింగ్ అనే మాటను ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేసి, పక్కన రౌటర్ చిరునామా, ఎక్కువ ఇళ్ళలో 192.168.1.1, ఇవ్వాలి. జవాబులు 2, 3, 5 మిల్లీసెకన్లలో నిలకడగా వస్తే గాలి దారి బాగున్నట్టే. 4, తరువాత 300, తరువాత జవాబే లేదు అన్నట్టుగా వస్తే లోపం ఆ గదికీ రౌటర్‌కూ మధ్యనే ఉన్నది.

ఆ ఇంట్లో తేలినది

మూడు వారాల తరువాత ఆ సోదరి నోటు పుస్తకంలోని అంకెలన్నీ రాసి పంపారు.

అబ్బాయి కంప్యూటర్ లింకు వేగం మేము అనుకున్నట్టుగానే 100 అని చూపించింది. పోర్టు మార్చారు, 100 గానే ఉన్నది. తీగ మార్చారు, 1000 అయింది. పాత తీగను మళ్ళీ పెట్టారు, 100కు దిగింది. పిన్ను విప్పి చూస్తే గోధుమ రంగు తీగ తెగి ఉన్నది. కొత్త తీగతో 196 వచ్చింది. అనగా చెల్లెలి వేగం దోచుకున్నాడని నింద పడిన అబ్బాయికే ఇన్నాళ్ళూ ప్లానులో సగం కూడా అందలేదు.

అమ్మాయి ల్యాప్‌టాప్‌ను కిందికి తెచ్చి రౌటర్ పక్కన పెట్టారు. 2.4 మార్గంలో 46, అదే చోట 5 మార్గంలో కలపగానే 188. ల్యాప్‌టాప్‌లో ఏ లోపమూ లేదు. మేడ మీద అది ఎప్పుడూ 2.4 మార్గానికే అతుక్కుని ఉండేది, రౌటర్ ఏమో టీవీ వెనుక ఇనుప బీరువాను ఆనుకుని ఉండేది. రౌటర్‌ను మెట్ల మొదట గోడకు ఎత్తుగా బిగించి, ల్యాప్‌టాప్‌ను 5 మార్గంలో కలిపితే పై గదిలో 70 వచ్చింది. పింగ్ జవాబులు నిలకడగా 5 మిల్లీసెకన్ల లోపు ఉన్నాయి. రాత్రి పూట అందరి ఫోన్ల ఫోటోలు క్లౌడ్‌లోకి వెళ్ళడాన్ని అందరూ నిద్రపోయే వేళకు మార్చుకున్నారు.

తండ్రిగారి డాంగిల్ పొడిగింపు తీగతో బల్ల మీదికి వచ్చాక 28 కాస్తా 41 అయింది. లెక్కలకు అది చాలునని వారు అక్కడితో ఆపారు. సరియైన నిర్ణయం. అవసరానికి మించిన వేగాన్ని వెంబడించడం కూడా ఒక ఖర్చే.

మొత్తం ఖర్చు ఒక ల్యాన్ తీగ, ఒక పొడిగింపు తీగ, రెండు స్క్రూలు. ల్యాప్‌టాప్ కొనలేదు, అప్పు చేయలేదు. కొని ఉంటే కొత్త ల్యాప్‌టాప్ కూడా అదే గదిలో, అదే మార్గంలో, అదే బీరువా వెనుక నుండి వచ్చే సంకేతాన్నే అందుకునేది.

పెద్దలకు ఒక మాట

రౌటర్లలో ఒక పరికరం వేగాన్ని తగ్గించే సదుపాయం నిజంగానే ఉంటుంది. కనుక అమ్మాయి అనుమానం అసాధ్యమైనదేమీ కాదు. అయితే సాధ్యం కావడం వేరు, జరగడం వేరు. దానిని తేల్చడానికి పట్టేది ఐదు నిమిషాలే. ఇద్దరినీ కూర్చోబెట్టి, రౌటర్ పేజీ తెరిచి, బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ అనే చోట ఏదైనా పరిమితి ఉన్నదేమో అందరి కళ్ళ ముందు చూస్తే సరిపోతుంది. ఆ ఇంట్లో అలా చూశారు, అక్కడ ఏమీ లేదు. పది రోజుల మౌనం కంటే ఐదు నిమిషాల పరీక్ష తేలిక కదా.

రౌటర్ పాస్‌వర్డ్ ఇంట్లో ఒక్కరి దగ్గరే ఉండడం ఇటువంటి అనుమానాలకు పునాది. తల్లిదండ్రులిద్దరికీ అది తెలిసి ఉండాలి, ఒక కాగితం మీద రాసి భద్రపరచుకోవాలి. కంపెనీ ఇచ్చిన మొదటి పాస్‌వర్డ్‌ను తప్పక మార్చుకోవాలి. వైఫై పాస్‌వర్డ్ మొహల్లా అంతటికీ తెలిసిపోయి ఉంటే, రౌటర్ పేజీలో ఎన్ని పరికరాలు కలిసి ఉన్నాయో లెక్కపెట్టండి. మీ ఇంటి లెక్కకు మించి ఉంటే మార్చండి.

కంపెనీకి ఫిర్యాదు చేసే ముందు, తీగతో నేరుగా రౌటర్ 1000 పోర్టుకు కలిపిన ఒక మంచి కంప్యూటర్ మీద కొలిచి చూడండి. అక్కడ ప్లాను వేగం వస్తున్నదంటే కంపెనీ తన మాట నిలబెట్టుకున్నట్టే, వెతకవలసినది ఇంటి లోపల. అక్కడ కూడా రాకపోతే మీ నోటు పుస్తకంలోని తేదీలు, వేళలు, అంకెలతో ఫిర్యాదు చేయండి. "నెట్ స్లోగా ఉంది" అనే మాటను ఎవరైనా తోసిపుచ్చగలరు, మూడు రోజుల కొలతలను తోసిపుచ్చడం కష్టం.

యంత్రం లోపాన్ని మనిషి మీద వేయడం చాలా సులభం, ఎందుకంటే మనిషి ఎదురుగా ఉంటాడు, తీగ గోడ వెనుక ఉంటుంది. మీ ఇంట్లో ఈ రాత్రి ఎవరైనా "నా వేగం ఎవరో తీసుకున్నారు" అంటే, వారి చేతికి ఒక నోటు పుస్తకం ఇవ్వండి, ఎవరిని అనుమానిస్తున్నారో వారినే పక్కన కూర్చోబెట్టండి. కొలతలు ఇద్దరూ కలిసి రాయనివ్వండి.